ఎన్ని సెకన్లకు ఆగింది? పాత హ్యాండీక్యామ్ కరెంటు జబ్బులు

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

ఇవాళ ఒక్క జబ్బు గురించే మాట్లాడుకుందాం. బీరువా మీద పదిహేనేళ్ళుగా పడున్న హ్యాండీక్యామ్ దించుతారు. అన్నప్రాశన క్యాసెట్టో, గృహప్రవేశం క్యాసెట్టో పెట్టి స్విచ్చు తిప్పుతారు. లేవదు. లేదా లేచి, అర నిమిషం కాకుండానే పడుకుంటుంది. వెంటనే "బోర్డు పోయింది" అనే మాట వినపడుతుంది. చాలాసార్లు బోర్డు పోదండీ. నన్నడిగితే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఎన్ని సెకన్లకు ఆగింది? గడియారం చూసి లెక్కపెట్టండి. అసలు లైటే వెలగలేదా, ఒక్క మిణుకు మిణికి ఆరిందా, నాలుగైదు సెకన్లు మోటారు చప్పుడు చేసి ఆగిందా, ఐదు నిమిషాలు బాగా నడిచి ఆగిందా. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. స్క్రూ డ్రైవర్ తీసే ముందే సగం పని అయిపోతుంది.

ఎక్కువగా సోనీ వీడియో8, హై8, డిజిటల్8 కెమెరాల మీదే చెబుతాను. 1985 నుంచి 2000 దాటాక కొన్నేళ్ళ దాకా మన ఇళ్ళలోకి వచ్చినవాటిలో, దుబాయ్ నుంచో అమెరికా నుంచో చుట్టాలు తెచ్చినవాటిలో ఇవే ఎక్కువ. మిగతా కంపెనీలవాటికీ దారి ఇదే, అంకెలు మారతాయి.

కరెంటు నడిచే దారి ఒకసారి చూడండి. గోడ ప్లగ్గు, అడాప్టర్, డీసీ జాక్ లేదా బ్యాటరీ పళ్ళెం, ఫ్యూజు, ఆ తర్వాత డీసీ-డీసీ కన్వర్టర్. ఈ కన్వర్టర్ లోపలికొచ్చిన ఏడెనిమిది వోల్టుల్ని ముక్కలు చేసి ఒకరికి 5, ఒకరికి 3, బొమ్మ పట్టే చిప్ సీసీడీకి 15 వోల్టుల దాకా, దానికే మైనస్‌లో ఇంకొకటి పంచుతుంది. వీటన్నిటి మీదా పెత్తనం ఒక చిన్న మైక్రోకంట్రోలర్ చిప్‌ది, మనం మైక్రో అందాం. పంచిన వోల్టేజీల్లో ఒక్కటి సరిగ్గా రాకపోయినా అది మొత్తం కట్టేస్తుంది. మిణుకు మిణికి ఆరడమంటే ఇదే.

ముందు అడాప్టర్. లేబుల్ చదవండి. సోనీ ఏసీ-ఎల్10, ఏసీ-ఎల్15, ఏసీ-ఎల్100 అన్నీ 8.4 వోల్టులు, 1.5 ఆంపియర్లు. కానన్ సీఏ-570 కూడా అంతే. అదే కానన్ సీఏ-590 కూడా 8.4 వోల్టులదే, కానీ ఇచ్చేది 0.6 ఆంపియర్లే. ప్లగ్గు దూరింది కదా అని పెట్టేస్తే కెమెరా లేవగానే చతికిలబడుతుంది. జేవీసీ ఏపీ-వీ14 అయితే 11 వోల్టులు. పానాసోనిక్ మినీ డీవీ కెమెరాలకి 7.9 వోల్టులవి ఎక్కువ కనపడతాయి. 8.4 అనే అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, లోపల రెండు లిథియం సెల్లులు వరుసగా ఉంటాయి. ఒక్కోటి నిండితే 4.2. అందుకే కెమెరాని దానికి తగ్గట్టు చేశారు.

అమెరికా నుంచి వచ్చిన కెమెరా అయితే ఇన్‌పుట్ దగ్గర "100-240" అని ఉందో లేదో చూడకుండా గోడకి పెట్టకండి. బాగా పాతవాటిలో 120 వోల్టులు మాత్రమే అని ఉన్నవీ ఉన్నాయి. మన 230 తగిలితే అవి పొగైపోతాయి. పిన్ను మార్చే కన్వర్టర్ వోల్టేజి మార్చదు.

ఇప్పుడు మల్టీమీటర్ పెట్టి చూస్తారు, 8.4 చూపిస్తుంది, "అడాప్టర్ బాగుంది" అనేస్తారు. అక్కడే మోసపోతాం. ఖాళీగా ఉన్నప్పుడు పెద్దమనిషిలా 8.4 చూపించే అడాప్టర్, బరువు పడగానే 5కి జారుతుంది. వోల్టేజిని నిలకడగా ఉంచే లోపలి కెపాసిటర్లు ఎండిపోతే జరిగేది అదే. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట 10 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంటు రెసిస్టర్ ఒకటి కొనండి. పది, పదిహేను రూపాయల వస్తువు. దాన్ని అడాప్టర్ చివరన కలిపి, కలిపి ఉండగానే వోల్టేజి కొలవండి. 8.4ని 10తో భాగిస్తే 0.84 ఆంపియర్లు, సుమారు 7 వాట్లు. కెమెరా మామూలుగా తినేదానికన్నా కాస్త ఎక్కువే. పది సెకన్లు చాలు, అంతకు మించి ఉంచితే రెసిస్టర్ వేలు కాలుస్తుంది. 8.2కి పైన నిలబడితే అడాప్టర్ మంచిది. అంకెలు ఊగిసలాడుతున్నా, ఆరు, ఏడు దగ్గర కూలబడినా మార్చేయండి. దాన్ని విప్పి బాగు చేద్దామనే ముచ్చట వద్దు. లోపల మొదటి కెపాసిటర్‌లో 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు ఉంటుంది. పైగా డబ్బా అతికించి ఉంటుంది, పగలగొట్టాలి.

డీసీ వైరు ప్లగ్గు దగ్గర మెడ విరిగి ఉంటుంది, అదీ చూడండి. వైరుని అటూ ఇటూ వంచుతూ మీటరు చూడాలి. కెమెరా వైపు జాక్‌ది కూడా ఇదే కథ. ప్లగ్గు కదిపినప్పుడు వెలిగి ఆరిపోతుంటే జాక్ కాళ్ళ దగ్గర సోల్డర్ పగిలినట్టు. ఇంకో తమాషా ఉంది. కొన్ని మోడళ్ళలో డీసీ ప్లగ్గు దూరగానే బ్యాటరీని పక్కకు తప్పించే చిన్న స్విచ్చు జాక్‌లోనే ఉంటుంది. అది మట్టి పట్టి ఇరుక్కుంటే అడాప్టర్ మీద నడుస్తుంది, బ్యాటరీ మీద నడవదు. కొత్త బ్యాటరీ కొన్నా నడవదు! ప్లగ్గుని పది, పదిహేనుసార్లు దూర్చి తీస్తే చాలాసార్లు విడిపోతుంది.

ఇక బ్యాటరీ. సోనీ ఎన్‌పీ-ఎఫ్550 లాంటివి 7.2 వోల్టుల లిథియం ప్యాక్‌లు. దీనికీ అదే రెసిస్టర్ పరీక్ష. ఖాళీగా 8.2 ఉంది, రెసిస్టర్ పెట్టగానే 7.0కి పడింది అనుకుందాం. 0.7 ఆంపియర్లు పారుతున్నాయి, 1.2 వోల్టులు లోపలే పోయాయి. భాగిస్తే 1.7 ఓమ్‌ల లోపలి నిరోధం. మంచి ప్యాక్‌లో ఇది ఓమ్‌లో నాలుగో వంతు కూడా ఉండదు. ఇలాంటి ప్యాక్ పెడితే కెమెరా లేస్తుంది, లెన్సు తెరుస్తుంది. క్యాసెట్టు లోపలికి లాక్కునేటప్పుడు మోటారు ఒక్కసారిగా ఆంపియర్ పైగా గుంజుతుంది, వోల్టేజి ఆరున్నర కిందికి జారుతుంది, మైక్రో "బ్యాటరీ అయిపోయింది" అనుకుని కట్టేస్తుంది. తెర మీద మాత్రం అప్పటిదాకా "45 నిమిషాలు" అని చూపిస్తూనే ఉంటుంది.

ఆ నిమిషాల లెక్క చెప్పేది ఇన్ఫోలిథియం ప్యాక్. ప్లస్, మైనస్ కాక మూడో కాలు ఒకటి ఉంటుంది చూడండి, దాని ద్వారానే కెమెరాతో మాట్లాడుతుంది. బయట దొరికే చౌక ప్యాక్‌లో ఆ మాట్లాడే చిప్ లేకపోతే కొన్ని కెమెరాలు ఊరుకుంటాయి, కొన్ని ఇన్ఫోలిథియం మాత్రమే వాడమని చెప్పి ఆరిపోతాయి. సీ:04:00 అనే కోడ్ కనపడితే అర్థం అదే. కెమెరా పాడవలేదు. మూడో కాలు మీద చిలుము ఉన్నా ఇదే గొడవ వస్తుంది. ముందు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఇయర్ బడ్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. గరుకు కాగితం పెట్టకండి, పైపూత పోతే నెలలోనే మళ్ళీ చిలుము పడుతుంది.

చౌక ప్యాక్‌ల మాట వచ్చింది కాబట్టి, కొనేముందు తూకం వేయండి. ఎన్‌పీ-ఎఫ్970 లాంటి పెద్ద ప్యాక్‌లో 18650 సెల్లులు ఆరు ఉండాలి. ఒక్కోటి దాదాపు 45 గ్రాములు. సెల్లులే 270 గ్రాములు, పైన డబ్బా అదనం. చేతికి 180 గ్రాములొచ్చిందంటే లేబుల్ మీద ఎన్ని మిల్లీఆంపియర్లు అచ్చేసినా లోపల ఆరు లేవు.

ఏళ్ళ తరబడి చార్జ్ చేయని లిథియం ప్యాక్ మీటరు మీద సున్నా చూపిస్తుంది. లోపలి రక్షణ సర్క్యూట్ తలుపు మూసేసిందన్నమాట. బయటినుంచి వోల్టేజి కొట్టి దాన్ని "లేపే" చిట్కాలు చాలా తిరుగుతున్నాయి. పదేళ్ళు ఖాళీగా పడున్న ప్యాక్‌కి ఆ పని చేయకండి. సెల్ బాగా ఖాళీ అయితే లోపలి రాగి కరిగి, మళ్ళీ చార్జ్ చేసేటప్పుడు షార్ట్ అయ్యే దారులు ఏర్పడతాయి. మంట అక్కడ మొదలవుతుంది. ఉబ్బిన ప్యాక్ అయితే చెప్పక్కర్లేదు, చార్జర్ దగ్గరకే తీసుకెళ్ళొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇచ్చేయండి. ఇంకా పాత వీడియో8 వాటికి ఎన్‌పీ-55, ఎన్‌పీ-77 అని 6 వోల్టుల నికెల్ కాడ్మియం ప్యాక్‌లుంటాయి. ఐదు సెల్లులు, ఒక్కోటి 1.2. అవి తెల్లపొడి కక్కుతాయి. అది క్షారం. వెనిగర్ అద్దిన దూదితో తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో కడగాలి.

అసలు మీకు కావాల్సింది క్యాసెట్టులోని బొమ్మ కంప్యూటర్‌లోకి ఎక్కడమే అయితే బ్యాటరీ మీద పైసా పెట్టకండి. మంచి అడాప్టర్ ఒకటి చాలు.

ఇప్పుడు జబ్బులే కానివి. క్యాసెట్టు పెట్టి స్టాండ్‌బైలో వదిలేస్తే సోనీలు కొన్ని మోడళ్ళలో 3, కొన్నిటిలో 5 నిమిషాలకి వాటంతట అవే ఆరిపోతాయి. టేపుని చదివే హెడ్లు ఉన్న, తిరిగే డ్రమ్ము టేపుని ఒకే చోట రుద్దకుండా అలా పెట్టారు. ఐదు నిమిషాలకి గడియారం కొట్టినట్టు ఆగుతుంటే అది ఆరోగ్యమే. రెండోది, తేదీ గుర్తుండకపోవడం. పాతవాటిలో సీఆర్2025 లాంటి బిళ్ళ సెల్, కొత్తవాటిలో లోపలే అతికించిన చిన్న సెల్. రెండోదైతే అడాప్టర్ పెట్టి, స్విచ్చు ఆఫ్‌లో 24 గంటలు వదిలితే నిండుతుంది. దీనికీ కెమెరా లేవకపోవడానికీ మామూలుగా సంబంధం ఉండదు. మూడోది సీ:21:00, అంటే లోపల చెమ్మ. ఏసీ గదిలో చల్లబడ్డ కెమెరాని విశాఖ ఉక్కపోతలోకి తీసుకొస్తే డ్రమ్ము మీద నీటి పొర పడుతుంది. క్యాసెట్టు తీసి, మూత తెరిచి గంటసేపు వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి.

ఒక్కోసారి మైక్రో మొండికేసి ఉండొచ్చు. అడాప్టర్, బ్యాటరీ రెండూ తీసి ఒక నిమిషం ఆగి మళ్ళీ పెట్టండి. అయినా లేవకపోతే సోనీల మీద "రీసెట్" అని చిన్న రంధ్రం ఉంటుంది, ఎల్‌సీడీ తలుపు వెనక వెతకండి. సన్నటి పుల్లతో నొక్కాలి. తేదీతో సహా సెట్టింగులన్నీ పోతాయి, పోనివ్వండి. పవర్ స్విచ్చు కూడా చూడండి. ఆఫ్, కెమెరా, వీసీఆర్ (క్యాసెట్టు చూడడానికి) అని తిరిగే ఆ చక్రం కింద చిన్న పలకలు నల్లబడతాయి. కెమెరాలో లేచి వీసీఆర్‌లో లేవకపోతే అనుమానం నేరుగా దాని మీదకే పోవాలి. ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పండి. ఒకటి రెండుసార్లు తగిలిందంటే, విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలు.

ఇంతవరకూ స్క్రూ ముట్టుకోలేదు. ఇక్కడినుంచి విప్పడమే.

రెండు జాగ్రత్తలు. గొట్టం వ్యూఫైండర్ ఉన్న పాత కెమెరాల్లో ఆ బుల్లి పిక్చర్ ట్యూబుకి వేల వోల్టులు వెళ్తాయి, ఆన్‌లో ఉండగా అక్కడ వేలు పెట్టకండి. ఫోటో ఫ్లాష్ ఉన్నవాటిలో ఫ్లాష్ కెపాసిటర్ 300 వోల్టుల దాకా పట్టుకుని ఉంటుంది. స్క్రూలు వేర్వేరు పొడవులు. కాగితం మీద కెమెరా బొమ్మ గీసి ఏ స్క్రూ అక్కడే గుచ్చండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో పెట్టి బిగిస్తే బోర్డులోకే దిగుతుంది.

అసలు లైటే వెలగని కెమెరాలో మొదట ఫ్యూజు. రెండు, మూడు మిల్లీమీటర్ల చిన్న పెట్టె, జాక్ నుంచి వచ్చే దారి మీద, పక్కన "ఎఫ్" అక్షరంతో ఉంటుంది. బ్యాటరీ తీసేసి, మల్టీమీటర్‌ని కంటిన్యుటీ (బీప్) మీద పెట్టి చూడండి. బీప్ రాలేదంటే కాలిపోయింది. దాని మీద వైరు ముక్క అతికించి నడిపేద్దామనుకోకండి. ఫ్యూజు ఊరికే కాలదు. తప్పు అడాప్టరో, ప్లస్ మైనస్ తిరగబెట్టడమో, లోపల షార్టో ఉంటుంది. ఫ్యూజు అవతలి కాలికీ గ్రౌండ్‌కీ మధ్య ఓమ్‌లు కొలవండి. ఒకటి, రెండు ఓమ్‌లు వస్తే షార్ట్. బెంచ్ సప్లై ఉంటే 1 వోల్టు, 1 ఆంపియర్‌కి కట్టడి చేసి అక్కడ ఇవ్వండి, బోర్డు మీద ఆల్కహాల్ పలచగా పూయండి. ఎక్కడ ముందు ఆరిపోతుందో అక్కడ వేడి, అక్కడే దొంగ.

మిణుకు మిణికి ఆరిపోయే హై8 కెమెరా అయితే, విప్పగానే ముక్కు పెట్టండి. నవ్వకండి, నిజమే చెబుతున్నా. చేపల నీచు వాసన వస్తే జబ్బు దొరికినట్టే. ఎనభైల చివర, తొంభైల మొదట వచ్చిన కెమెరాల్లో బోర్డు మీద అతికించే బుల్లి అల్యూమినియం కెపాసిటర్లు వాడారు. వాటి లోపలి ద్రవం కాలక్రమంలో రబ్బరు బిరడా దాటి కారుతుంది. కారింది కెపాసిటర్ కింద దాక్కుంటుంది, పైన డబ్బా తళతళలాడుతూనే ఉంటుంది. చుట్టూ సోల్డర్ మెరుపు పోయి బూడిద రంగులోకి మారిందా, రాగి గీతలు ఆకుపచ్చగా అయ్యాయా చూడండి. డీసీ-డీసీ బోర్డు మీద ఇవి గుంపులుగా ఉంటాయి. కెపాసిటర్ బలహీనపడితే వోల్టేజి గతుకులు పడుతుంది, మైక్రో కట్టేస్తుంది. కారిన ద్రవం రెండు గీతల మధ్య కరెంటు లీకు చేస్తుంది కూడా. వేడెక్కాక లేస్తుంది, చల్లగా ఉంటే లేవదు అన్న ఫిర్యాదు తరచూ దీనిదే.

తీసేటప్పుడు కంగారు పడితే బోర్డు పోతుంది. కారిన ద్రవం పట్టిన సోల్డర్ మామూలు వేడికి సరిగ్గా కరగదు. ముందు ఫ్లక్స్ వేసి, కొత్త సోల్డర్ కొంచెం కలిపి, రెండు సోల్డరింగ్ ఐరన్లతో రెండు కాళ్ళూ ఒకేసారి కరిగించి ఎత్తండి. పీకితే కింది రాగి పలక కూడా లేచి వస్తుంది. తర్వాత మెత్తటి బ్రష్షు, ఆల్కహాల్, డిస్టిల్డ్ వాటర్ పెట్టి రెండుమూడుసార్లు కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తెగిన గీత ఉంటే సన్నని ఎనామెల్ వైరుతో కలపండి.

కొత్తవి వేసేటప్పుడు చాలామంది టాంటలమ్ కెపాసిటర్లు వేస్తారు, కారవు కాబట్టి. రెండు సంగతులు గుర్తుంచుకోండి. టాంటలమ్‌ని దాని వోల్టేజిలో సగానికి మించి నడపకూడదు. 5 వోల్టుల దారి మీద 10 వోల్టులది కనీసం, 16 అయితే నిశ్చింత. రెండోది ఇంకా ముఖ్యం. అల్యూమినియం దాని మీద నల్ల గుర్తు మైనస్ వైపు ఉంటుంది. టాంటలమ్ మీద గీత ప్లస్ వైపు ఉంటుంది. గీత ఎదురుగా గీత పెట్టారంటే తిరగబడినట్టే, ఆన్ చేయగానే ఠప్పుమని కాలుతుంది. తీసేముందే ప్రతి దాని పక్కనా బోర్డు మీద ప్లస్ ఎటుందో ఫోటో తీసుకోండి.

నాలుగైదు సెకన్లు గిర్రుమని ఆగేవి మిగిలాయి. ముందు క్యాసెట్టు లేకుండా ఆన్ చేయండి. క్యాసెట్టు లేకపోతే బాగా నడిచి, పెడితే ఆగుతుంటే కరెంటుది కాదు, మెకానిజంది. డ్రమ్ము తిరగలేదు, లేదా టేపుని లాగి డ్రమ్ముకి చుట్టే లోడింగ్ సగంలో ఆగింది. మైక్రో కాసేపు చూసి ఆపేస్తుంది. సోనీలో సీ:31, సీ:32 అని చూపిస్తుంది. పాతవి మాటా పలుకూ లేకుండా ఆరిపోతాయి. గ్రీజు గట్టిపడి ఉంటుంది, లేదా మెకానిజం ఏ స్థితిలో ఉందో మైక్రోకి చెప్పే, గేరు దగ్గరి మోడ్ స్విచ్ నల్లబడి ఉంటుంది. అది వేరే రోజు ముచ్చట.

ప్రశ్నలుంటే అడగండి.

[ప్రశ్న: పెళ్ళిళ్ళకి వాడిన పాత పానాసోనిక్ ఎం3000 ఉందండీ. దానికీ ఇదే పద్ధతా?]

దారి అదే, బ్యాటరీ వేరు. ఆ పెద్ద వీహెచ్ఎస్ కెమెరాలకి 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ ప్యాక్. ఖాళీగా నెలలు వదిలితే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. చార్జర్ పది నిమిషాలకే "ఫుల్" అంటుంది, కెమెరాకి పెడితే రెండు నిమిషాలు రాదు. అలాంటి ప్యాక్ వెనక్కి రాదండీ. 12 వోల్టులు, 2 ఆంపియర్లకి తగ్గని సప్లై పెట్టి నడుపుకోండి. ప్లస్ మైనస్ రెండుసార్లు చూసుకుని.

[ప్రశ్న: కెమెరా పూర్తిగా డెడ్. క్యాసెట్టు లోపలే ఉంది. తీయడం ఎలా?]

తలుపు పట్టి లాగకండి. టేపు డ్రమ్ము చుట్టూ చుట్టుకుని ఉంటుంది. మెకానిజం కనపడేదాకా విప్పి, పక్కన చిన్న లోడింగ్ మోటారు వెతకండి. దాని రెండు వైర్లూ లేదా రిబ్బనూ బోర్డు నుంచి విడదీయండి, లేకపోతే మీరిచ్చే కరెంటు డ్రైవర్ ఐసీలోకి పోతుంది. రెండు మామూలు పెన్సిల్ సెల్లులు, 3 వోల్టులు, మోటారు కాళ్ళకి అర సెకను, అర సెకను చొప్పున తగిలించండి. టేపుని డ్రమ్ము వైపు లాగే గైడ్లు ముందుకి పోతే సెల్లులు తిరగేయండి. గైడ్లు వెనక్కి పూర్తిగా వచ్చి, క్యాసెట్టు ఇంకా పైకి లేవకముందు ఆగండి. టేపు వదులుగా వేలాడుతుంటుంది. సప్లై రీలు ఇరుసుని పుల్లతో తిప్పి దాన్ని లోపలికి చుట్టుకోనివ్వండి, వేలితో టేపు ముట్టకుండా. వదులు మొత్తం పోయాకే మళ్ళీ మోటారుకి సెల్లులు తగిలించి తలుపు పైకి రానివ్వండి. వదులు ఉండగా తెరిస్తే క్యాసెట్టు మూత టేపుని మడిచి కొరుకుతుంది, ఆ మడతని తర్వాత ఏ కెమెరాలో వేసినా హెడ్డుకి దెబ్బే.